క్లోరోప్లాస్ట్ జీనోమ్‌లతో పూలమొక్కల చుట్టరికాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

బాటనీ ఎమ్మెస్సీ ప్రాజెక్టులు మొదలైన ప్రతిసారీ, పీహెచ్‌డీలో కొత్తవాళ్ళు చేరినప్పుడల్లా అవే డౌట్లు తిరిగి తిరిగి వస్తున్నాయి, అందుకే అన్నీ ఒక్కచోట పెట్టేస్తున్నా. ఏ ప్రశ్నకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు, మీ పని ఏ దశలో ఉంటే నేరుగా అక్కడికి వెళ్ళిపోండి. ఉదాహరణలు వీలైనంతవరకు మన చెరువుల్లో, పొలాల్లో కనిపించే మొక్కలవే తీసుకున్నా.

## మొదలుపెట్టే ముందు

క్లోరోప్లాస్ట్‌కి సొంత జీనోమ్ ఎందుకుంది? అందులో అసలు ఏముంటుంది?

ఆకులో కిరణజన్య సంయోగక్రియ జరిగే కణభాగమైన క్లోరోప్లాస్ట్ ఒకప్పుడు విడిగా బతికిన సయనోబాక్టీరియా. వంద కోట్ల ఏళ్ళకి పైగా కిందట ఒక కణంలోకి చేరి అక్కడే ఉండిపోయింది. దాని జీన్లలో చాలావరకు మెల్లగా న్యూక్లియస్‌లోకి వెళ్ళిపోయాయి, కొన్ని పూర్తిగా పోయాయి, మిగిలినదే ఇప్పుడు మనం చదివే క్లోరోప్లాస్ట్ జీనోమ్, అంటే దాని మొత్తం డీఎన్‌ఏ. పూలమొక్కల్లో మామూలుగా 1,20,000 నుంచి 1,60,000 బేస్‌లు (డీఎన్‌ఏ అక్షరాలు) ఉంటుంది, దాన్ని వలయంలా గీస్తారు. ప్రొటీన్ తయారుచేసే జీన్లు 80 వరకు, ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏలు 30 రకాలు, రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏలు 4.

ఇందులో నాలుగు భాగాలుంటాయి: ఒక పెద్ద సింగిల్ కాపీ ముక్క, ఒక చిన్న సింగిల్ కాపీ ముక్క, ఆ రెండిటి మధ్యా ఒకదానికొకటి తలకిందులుగా ఉండే రెండు రిపీట్లు. పొగాకు జీనోమ్‌ని 1986లో జపాన్ శాస్త్రవేత్తలు మొత్తం చదివారు. అందులో పెద్ద ముక్క దాదాపు 86,700 బేస్‌లు, చిన్నది 18,500, రిపీట్ ఒక్కోటి 25,300. అదే ఏడాది మార్కాంషియా అనే లివర్‌వర్ట్‌ది కూడా వచ్చింది, 1989లో వరిది వచ్చింది, 1,34,525 బేస్‌లు.

న్యూక్లియర్ జీనోమ్ అంత పెద్దది ఉండగా ఈ చిన్నదాని వెంట ఎందుకు పడతారండీ?

మొదటి కారణం, దొరకడం తేలిక. ఒక్క ఆకు కణంలో క్లోరోప్లాస్ట్ జీనోమ్ కాపీలు వందల్లో, ఒక్కోసారి వేలల్లో ఉంటాయి, కాబట్టి కొంచెం డేటా తీసినా పూర్తి జీనోమ్ వచ్చేస్తుంది. రెండోది, న్యూక్లియస్‌లో ఒకే జీన్‌కి డూప్లికేట్లు బోలెడు, ఏది దేనితో పోల్చాలో తేల్చుకోవడమే పెద్ద తలనొప్పి, పైగా పూలమొక్కల చరిత్రలో జీనోమ్ మొత్తం రెట్టింపవడం మాటిమాటికీ జరిగింది. క్లోరోప్లాస్ట్‌లో ఆ గొడవ దాదాపు లేదు. మూడోది మారే వేగం. సైలెంట్ మార్పులు (ప్రొటీన్‌ని మార్చని డీఎన్‌ఏ మార్పులు) మైటోకాండ్రియాలో అన్నిటికన్నా తక్కువ, క్లోరోప్లాస్ట్‌లో దానికి మూడు రెట్లు, న్యూక్లియస్‌లో ఆరు రెట్లు అని 1987లో లెక్కేశారు, స్థూలంగా ఆ వరస ఇప్పటికీ నిలబడింది. అంటే కోట్ల ఏళ్ళ కిందటి కొమ్మలు పట్టుకోవడానికి క్లోరోప్లాస్ట్ వేగం సరిగ్గా సరిపోతుంది, నిన్నమొన్న విడిపోయిన జాతులకి మాత్రం ఒక్కోసారి చాలదు.

తామర, కలువ ఒకే కుటుంబం కాదా? రెండూ ఒకే చెరువులో ఉంటాయి, చూడ్డానికీ ఒకేలా ఉంటాయి కదా

కాదు, ఈ సబ్జెక్టు ఎందుకు చదవాలో చెప్పడానికి దీన్ని మించిన ఉదాహరణ నాకు ఇంకోటి కనిపించదు. పాత వర్గీకరణల్లో రెండిటినీ ఒకే కుటుంబంలో పెట్టేవాళ్ళు. ఈసారి చెరువు దగ్గరికి వెళ్ళినప్పుడు నిదానంగా చూడండి. కలువ ఆకుకి అంచు నుంచి కాడ దాకా ఒక చీలిక ఉంటుంది, ఆకు నీళ్ళమీద పరుచుకుని ఉంటుంది. తామర ఆకుకి చీలిక ఉండదు, కాడ సరిగ్గా మధ్యలో అతుక్కుని ఆకుని నీళ్ళపైకి లేపుతుంది, నీటిచుక్క దానిమీద నిలవకుండా జారిపోతుంది. పూవు మధ్యలో తామరకి ఆ పసుపు దుద్దు, అందులో గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో గింజ. మైక్రోస్కోప్ కింద పుప్పొడి పెడితే తామరది మూడు గాడుల పుప్పొడి, అది యూడికాట్‌ల (ద్విదళబీజాల్లో అతిపెద్ద గుంపు) గుర్తు, కలువకి అది లేదు.

డీఎన్‌ఏ చూస్తే తేడా ఇంకా పెద్దది. క్లోరోప్లాస్ట్ జీన్లతో గీసిన చెట్టులో, అంటే వంశవృక్షంలో, ఆంబొరెల్లా (దాని కథ కింద వస్తుంది) తర్వాత మొదట విడిపోయే కొమ్మ కలువలది. తామర మాత్రం యూడికాట్‌లలో, ప్రోటియేలిస్ అనే ఆర్డర్‌లో (దగ్గరి కుటుంబాల గుంపు) ఉంటుంది. ఆ ఆర్డర్‌లోనే అరకు కాఫీ తోటల్లో నీడకోసం వేసి మిరియాల తీగలు పాకించే సిల్వర్ ఓక్ కూడా ఉంది. అంటే తామరకి సిల్వర్ ఓక్ బాగా దగ్గర చుట్టం, కలువ కన్నా వరి కూడా దగ్గర చుట్టమే. నీళ్ళలో బతకడం వల్ల పైకి పోలికలొచ్చాయి, వంశం మాత్రం వేరు. తర్వాత న్యూక్లియర్ జీనోమ్ చదివినా తామర స్థానం మారలేదు.

ఒక్క ఆర్‌బీసీఎల్ జీన్ సీక్వెన్స్ చేస్తే చాలదా? మొత్తం జీనోమ్ ఎందుకు?

కుటుంబం, ఆర్డర్ స్థాయిలో ఆర్‌బీసీఎల్ (రుబిస్కో ఎంజైమ్ పెద్ద భాగాన్ని తయారుచేసే జీన్) చేసిన మేలు తక్కువేం కాదు. 1993లో దాదాపు 500 విత్తనమొక్కల ఆర్‌బీసీఎల్ సీక్వెన్సులతో గీసిన చెట్టే తర్వాత వచ్చిన వర్గీకరణకి పునాది. తామరని కలువల నుంచి విడదీసి చూపించింది కూడా ఆ ఒక్క జీనే. దాని మీదా ఇంకొన్ని జీన్ల మీదా ఏపీజీ (ఆంజియోస్పెర్మ్ ఫైలోజెనీ గ్రూప్) వర్గీకరణ 1998లో మొదలై 2003, 2009, 2016లో సవరించుకుంటూ వచ్చింది, 2016 నాటికి 64 ఆర్డర్లు, 416 కుటుంబాలు.

కానీ ఆర్‌బీసీఎల్ అంటే సుమారు 1,430 బేస్‌లు. తక్కువ కాలంలో గబగబా చీలిపోయిన కొమ్మల దగ్గర అన్ని బేస్‌లలో ఒకటో రెండో మార్పులే దొరుకుతాయి, వాటితో ఏది ముందు చీలిందో తేలదు. మొత్తం జీనోమ్ తీసుకుంటే డెబ్భై ఎనభై జీన్ల సమాచారం ఒకేసారి వస్తుంది. 2007లో 64 జీనోమ్‌లతో చెట్టు గీస్తే అదే గొప్ప, 2019కల్లా 2,881 జీనోమ్‌లతో గీశారు.

## శాంపిల్, సీక్వెన్సింగ్

ఫీల్డ్‌లో ఫ్రిజ్ లేదు, లిక్విడ్ నైట్రోజన్ లేదు, ఆకు ఎలా తేవాలి?

సిలికా జెల్ చాలు. లేత ఆకు, పురుగు బూజు లేనిది, చిన్న ముక్కలుగా చింపి పేపర్ కవర్లో పెట్టి, ఆకు బరువుకి పది రెట్లు తక్కువ కాకుండా సిలికా జెల్ ఉన్న డబ్బాలోనో జిప్ కవర్లోనో వేయండి. ఆకు ఎంత తొందరగా ఎండితే డీఎన్‌ఏ అంత బాగుంటుంది, రంగు మారే సిలికా కలిపితే ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది. బెండ, మందార లాంటి జిగురు మొక్కలకి డీఎన్‌ఏ తీసే మామూలు సీటాబ్ పద్ధతి ఇబ్బంది పెడుతుంది, ఉప్పు శాతం పెంచడం, పీవీపీ కలపడం లాంటివి చేయాలి.

దయచేసి ఒక్కటి మాత్రం మర్చిపోకండి, అదే మొక్క నుంచి ఒక కొమ్మ ప్రెస్ చేసి హెర్బేరియం షీట్ చేయండి, నంబరు వేయండి, యూనివర్సిటీ హెర్బేరియంలోనో హైదరాబాద్‌లో ఉన్న బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ కేంద్రంలోనో పెట్టించండి. పూవో కాయో ఉంటే మరీ మంచిది. షీట్ లేని సీక్వెన్స్ మీద రేపు ఎవరికైనా అనుమానం వస్తే తేల్చే దారే లేదు, ఎంత ఖర్చు పెట్టి చదివించినా ఆ పేరు గాల్లో ఉన్నట్టే.

క్లోరోప్లాస్ట్‌లు విడిగా తీసి వాటి డీఎన్‌ఏనే సీక్వెన్స్ చేయాలా?

అక్కర్లేదు. ఒకప్పుడు సుక్రోజ్ గ్రేడియెంట్ వేసి క్లోరోప్లాస్ట్‌లు విడదీసేవాళ్ళు, తాజా ఆకులు గుప్పెళ్ళకొద్దీ కావాల్సొచ్చేది. ఇప్పుడు ఆకు నుంచి మొత్తం డీఎన్‌ఏ తీసి తక్కువ లోతులో ఇల్యూమినా సీక్వెన్సింగ్ చేయిస్తారు, దాన్నే జీనోమ్ స్కిమ్మింగ్ అంటారు. కాపీలు ఎక్కువ కాబట్టి వచ్చిన రీడ్స్‌లో (మెషీన్ చదివిన డీఎన్‌ఏ ముక్కల్లో) చెప్పుకోదగ్గ వాటా, చాలా మొక్కల్లో 5 నుంచి 20 శాతం దాకా, క్లోరోప్లాస్ట్‌వే ఉంటాయి. 150 బేస్‌ల పెయిర్డ్ రీడ్స్ రెండు మూడు గిగాబేస్‌లు ఉంటే మామూలు మొక్కకి హాయిగా సరిపోతుంది. న్యూక్లియర్ జీనోమ్ బాగా పెద్దదైన లిల్లీ జాతి లాంటి వాటికి ఇంకొంచెం ఎక్కువ అడగండి.

యాభై అరవై ఏళ్ళ కిందటి హెర్బేరియం షీట్ నుంచి వస్తుందా?

చాలాసార్లు వస్తుంది. పాత ఆకులో డీఎన్‌ఏ చిన్న చిన్న ముక్కలైపోయి ఉంటుంది, కానీ ఇల్యూమినాకి కావాల్సిందే చిన్న ముక్కలు. అడవి నరికేసి ఇప్పుడు ఆ చోట దొరకని మొక్కలకి ఇదొక్కటే దారి. క్యూరేటర్ రాతపూర్వక అనుమతి లేకుండా మాత్రం ఒక్క ముక్క కూడా చింపకండి, టైప్ స్పెసిమన్ (జాతి పేరుకి ఆధారమైన షీట్) జోలికి అసలు పోవద్దు.

అమెరికాలో పీహెచ్‌డీ చేస్తున్నా, సెలవులకి ఊరొచ్చినప్పుడు నాలుగు ఆకులు సిలికాలో పెట్టుకుని తీసుకెళ్ళొచ్చా?

తీసుకెళ్ళకూడదు. జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం విదేశీయులు, విదేశీ సంస్థలు, ప్రవాస భారతీయులు ఇక్కడి జీవవనరులు పరిశోధనకి తీసుకోవాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ముందస్తు అనుమతి కావాలి. రిజర్వ్ ఫారెస్ట్‌లో కోస్తే అటవీశాఖ అనుమతి వేరే. ఎర్రచందనం లాంటివైతే సైటీస్ (అపాయంలో ఉన్న జాతుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) నిబంధనలు కూడా వస్తాయి. ఇదంతా ఇబ్బందిగా అనిపించొచ్చు గానీ మన మొక్కల మీద మనకి హక్కు ఉండటం కోసమే ఆ చట్టం. ఇక్కడి యూనివర్సిటీలో ఎవరితోనైనా కలిసి పని మొదలుపెట్టి, అనుమతుల సంగతి వాళ్ళతో ముందే తేల్చుకుని, సీక్వెన్సింగ్ ఇక్కడే చేయించడం సుఖం.

సీక్వెన్సింగ్‌కి డబ్బుల్లేవు మేడమ్, ప్రాజెక్టు చేయలేనా?

చేయొచ్చమ్మా. జెన్‌బ్యాంక్ అనే ఆన్‌లైన్ డేటాబేస్‌లో వేల పూలమొక్కల క్లోరోప్లాస్ట్ జీనోమ్‌లు ఉచితంగా ఉన్నాయి, ముడి డేటా దాచే ఎస్‌ఆర్‌ఏలో వేరే పనికోసం చేసిన ముడి రీడ్స్ ఉన్నాయి, వాటిలోంచి క్లోరోప్లాస్ట్ ఎవరూ తీయనివి ఇంకా బోలెడు. ఒక కుటుంబం ఎంచుకుని, మంచి ప్రశ్న ఒకటి పెట్టుకుంటే ఖర్చు లేకుండా థీసిస్ అవుతుంది. జాగ్రత్త ఒక్కటే, అక్కడున్న పేర్లన్నీ నిజమని నమ్మకండి. ఒకే జాతి పేరుతో ఉన్న రెండు మూడు రికార్డులు తీసుకుని కలిసి గుంపు కడుతున్నాయో లేదో ముందు చూడండి, ఒకటి ఎక్కడో దూరంగా పోతే దాని గుర్తింపు తప్పై ఉండే అవకాశం ఎక్కువ.

## అసెంబ్లీ, అనొటేషన్

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? నా ల్యాప్‌టాప్ సరిపోతుందా?

అసెంబ్లీకి (రీడ్స్ అతికి జీనోమ్ కట్టడానికి) గెట్‌ఆర్గనెల్ లేదా నోవోప్లాస్టీ, అనొటేషన్‌కి (ఏ జీన్ ఎక్కడుందో గుర్తించడానికి) జీసెక్, బొమ్మకి ఓజీడ్రా, అన్నీ ఉచితమే. 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేసుకుంటే చాలా మొక్కలకి పని జరుగుతుంది. అసెంబ్లీ అయ్యాక రీడ్స్‌ని మళ్ళీ దానిమీద మ్యాప్ చేసి కవరేజ్ (ఒక్కో చోట ఎన్ని రీడ్స్ పడ్డాయో) చూడండి, ఎక్కడైనా హఠాత్తుగా పడిపోయినా ఎగిరినా అక్కడ తేడా ఉంది. క్లోరోప్లాస్ట్ ముక్కలు మైటోకాండ్రియాలోకీ న్యూక్లియస్‌లోకీ కూడా వలస వెళ్ళి ఉంటాయి, అవి అసెంబ్లీలో దూరితే కవరేజ్ దగ్గరే బయటపడతాయి.

అసెంబ్లర్ రెండు జీనోమ్‌లు ఇచ్చింది, ఏది కరెక్ట్?

రెండూ కరెక్టే. రెండు రిపీట్లు ఒకదానితో ఒకటి రీకాంబైన్ అవుతూ ఉండటం వల్ల చిన్న సింగిల్ కాపీ ముక్క ఒకే మొక్కలో ఇటూ అటూ రెండు దిశల్లోనూ ఉంటుంది. 1983లోనే చూపించారు ఈ సంగతి. మీ రిఫరెన్స్ ఏ దిశలో ఉందో అదే తీసుకోండి, అన్ని శాంపిల్స్‌నీ ఒకే దిశలో, ఒకే చోటు నుంచి మొదలయ్యేలా పెట్టుకోండి. ఇది తెలీక "చిన్న సింగిల్ కాపీ భాగంలో కొత్త ఇన్వర్షన్ కనుక్కున్నాం" అని అచ్చేసిన పేపర్లు ఉన్నాయి, వాటిని చూసి మీరూ అలా రాయొద్దు.

అనొటేషన్‌లో ఎక్కడ తప్పులు ఎక్కువ వస్తాయి?

ఆర్‌పీఎస్12 దగ్గర మొదటి తప్పు వస్తుంది, ఎందుకంటే దాని మొదటి ఎక్సాన్ (ప్రొటీన్‌కి పనికొచ్చే జీన్ ముక్క) ఒకచోట, మిగతావి ఎక్కడో దూరంగా ఉంటాయి. పెట్‌బీ, పెట్‌డీ, ఆర్‌పీఎల్16 జీన్ల మొదటి ఎక్సాన్లు ఆరు నుంచి తొమ్మిది బేస్‌లే, సాఫ్ట్‌వేర్ వాటిని వదిలేస్తుంది, చేత్తో పెట్టాలి. కొన్ని జీన్లు ఏటీజీతో కాక ఏసీజీతో మొదలవుతాయి, ఆర్‌ఎన్‌ఏ ఎడిటింగ్‌లో అది సరవుతుంది, కాబట్టి స్టార్ట్ కోడాన్ లేదని జీన్ కొట్టేయకండి. రిపీట్ అంచుదగ్గర వైసీఎఫ్1 తెగిన ముక్క ఒకటి కనిపిస్తుంది, దాన్ని పూర్తి జీన్‌గా లెక్కేయకూడదు.

ఒక జీన్ "పోయింది" అని రాసేముందు దగ్గరి జాతుల్లో ఉందో లేదో చూసి, రీడ్స్‌లో వెతికి, అప్పుడు రాయండి. నిజంగా పోయినవీ ఉంటాయి, వరి, మొక్కజొన్న ఉండే గడ్డి కుటుంబంలో ఏసీసీడీ, వైసీఎఫ్1, వైసీఎఫ్2 పనిచేసే స్థితిలో లేవు. ఐఎన్‌ఎఫ్ఏ అయితే పూలమొక్కల్లో వేర్వేరు వంశాల్లో పదేపదే పోయింది.

## పోల్చడం, చెట్టు గీయడం

జీనోమ్ సైజు దగ్గరగా ఉంటే దగ్గర చుట్టాలేనా?

కాదు. సైజు ఎక్కువగా రిపీట్ ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అన్నదాన్నిబట్టి మారుతుంది. కుండీల్లో పెంచే పెలార్గోనియమ్‌లో రిపీట్ ఒక్కోటి 75,000 బేస్‌లు దాటిపోయి మొత్తం 2,17,942 అయింది. శనగలో ఒక రిపీట్ కాపీ మొత్తానికే పోయి 1,25,319కి వచ్చింది. సైజుల టేబుల్ పెట్టడం మంచిదే గానీ దానిమీద చుట్టరికం కట్టొద్దు.

రిపీట్ రెండు కాపీలూ అలైన్‌మెంట్‌లో (సీక్వెన్సుల్ని ఒకదానికింద ఒకటి సరిపెట్టిన పట్టికలో) ఉంచాలా?

ఒకటి తీసేయండి. రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఒకే మార్పుని రెండుసార్లు లెక్కేసినట్టవుతుంది, బూట్‌స్ట్రాప్ (ఒక్కో కొమ్మకి డేటా ఇచ్చే సపోర్ట్, 100 దాకా ఉండే అంకె) ఉత్తినే పెరుగుతుంది.

వేరుశనగ, శనగ, కంది, ఎర్రచందనం అన్నీ చిక్కుడు కుటుంబమే కదా, వీటిలో ఎవరికి ఎవరు దగ్గర? జీన్ల వరస చూసి చెప్పొచ్చా?

చాలావరకు చెప్పొచ్చు, ఈ కుటుంబం అందుకు భలే అనువైనది. క్లోరోప్లాస్ట్‌లో జీన్ల వరస తేలిగ్గా మారదు, అందుకే ఒకసారి పెద్ద ముక్క తిరగబడితే ఆ గుర్తు వారసులందరికీ పాకుతుంది. చిక్కుడు కుటుంబంలో సీతాకోకచిలుక ఆకారం పూలుండే ఉపకుటుంబంలో, మొట్టమొదట చీలిన కొన్ని తప్ప, దాదాపు అందరికీ పెద్ద సింగిల్ కాపీ ముక్కలో 50,000 బేస్‌ల ఇన్వర్షన్ ఉంది. వేరుశనగ, కంది, శనగ, పెసర, మినుము, ఎర్రచందనం అందరిదీ ఆ గుంపే. చింత, తుమ్మ దానికి బయట.

ఆ గుంపులోపల శనగ, బఠాణీ, మసూర్, లూసర్న్ ఉండే ఒక శాఖలో ఒక రిపీట్ మొత్తం మాయమైంది, అది వాళ్ళందరికీ ఉమ్మడి గుర్తు. పెసర, మినుము, బొబ్బర్లు, ఫ్రెంచ్ బీన్స్ వైపు ఇంకో 78,000 బేస్‌ల ఇన్వర్షన్ అదనంగా వచ్చింది. ఇక వేరుశనగ సంగతి అయితే రాయలసీమవాళ్ళు ముచ్చటపడాల్సిందే, సీక్వెన్స్‌లతో చెట్టు గీస్తే అది ఎర్రచందనం, వేగిస, ఇరుగుడు ఉండే డాల్బెర్జియే తెగలో పడుతుంది. అనంతపురం చేలో పంటకి శేషాచలం కొండమీద చెట్టు, శనగ, కంది కన్నా దగ్గర చుట్టమన్నమాట. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంట అయినా సరే, తెగ అదే.

ఇలాంటిదే ఇంకోటి చామంతి కుటుంబంలో ఉంది. 1987లో జాన్సెన్, పామర్ చూపించారు: పొద్దుతిరుగుడు, చామంతి, బంతి, కుసుమ అందరికీ దాదాపు 22,800 బేస్‌ల ఇన్వర్షన్ ఉంది, దక్షిణ అమెరికాలో ఉండే బార్నడేసియా ఉపకుటుంబానికి లేదు. ఆ ఒక్క గుర్తుతో అంత పెద్ద కుటుంబంలో మొదటి చీలిక ఎక్కడో దొరికింది.

ఏ మోడల్ వాడాలి, ఏ అవుట్‌గ్రూప్ పెట్టాలి?

ప్రొటీన్ జీన్లు విడివిడిగా మాఫ్ట్ ప్రోగ్రామ్‌తో అలైన్ చేసి, కోడాన్లు చెదరలేదని చూసి, తర్వాత కలపండి. చెట్టు గీసే ఐక్యూ-ట్రీ ప్రోగ్రామ్ మోడల్‌ని తనే వెతుకుతుంది, జీన్లవారీగా పార్టిషన్ పెట్టండి. దూరపు కుటుంబాలైతే మూడో కోడాన్ స్థానాలు ఉంచి ఒకసారి, తీసి ఒకసారి చేసి తేడా వస్తుందేమో చూడండి. దగ్గరి జాతులైతే వేరే దారి ఉండదు, జీన్ల మధ్య ఖాళీలు, ఇంట్రాన్లు కూడా కలపాలి, అసలు తేడాలన్నీ వాటిలోనే ఉంటాయి. అవుట్‌గ్రూప్ (చెట్టుకి వేరు ఎక్కడో చూపడానికి పెట్టే బయటి మొక్క) మీ గుంపుకి పక్క కొమ్మ నుంచి, ఒకటి కాదు రెండు మూడు తీసుకోండి, మరీ దూరపుది పెడితే వేరు తప్పుచోట పడుతుంది.

బూట్‌స్ట్రాప్ 100 వచ్చింది. ఇక తేలిపోయినట్టేగా?

తేలిపోలేదు. ఆంబొరెల్లా కథ తెలిస్తే ఈ ప్రశ్న మళ్ళీ రాదు. న్యూ కాలెడోనియా దీవిలో తప్ప ఎక్కడా పెరగని చిన్న చెట్టది. మిగతా పూలమొక్కలన్నిటికీ అదే అక్క కొమ్మ అని 1999లో రెండు మూడు బృందాలు కొన్ని జీన్లతో చెప్పాయి. 2003లో దాని క్లోరోప్లాస్ట్ జీనోమ్ మొత్తం చదివి 61 జీన్లతో చెట్టు గీస్తే ఫలితం అడ్డం తిరిగింది, మొదట విడిపోయింది ఆంబొరెల్లా కాదు, ఏకదళబీజాలు అని గట్టి సపోర్ట్‌తో వచ్చింది.

డేటా ఎక్కువ, సపోర్ట్ ఎక్కువ, అయినా జవాబు తప్పు. ఎందుకంటే అప్పటికి పూర్తి జీనోమ్ ఉన్న ఏకదళబీజాలు వరి, గోధుమ, మొక్కజొన్న, అంటే అన్నీ గడ్డిజాతులే. గడ్డిజాతుల క్లోరోప్లాస్ట్ మిగతావాటికన్నా వేగంగా మారింది, ఆ పొడుగు కొమ్మ వెళ్ళి అవుట్‌గ్రూప్ పొడుగు కొమ్మ పక్కన అతుక్కుంది. 2005లో ఎకోరస్, అంటే మన ఇళ్ళల్లో పసిపిల్లలకి పోసే వస జాతి, ఇంకా జమ్ము, యక్కా లాంటి నిదానంగా మారే ఏకదళబీజాల్ని కలిపేసరికి ఏకదళబీజాలు తమ చోటికి వెళ్ళాయి. ఆ తర్వాత అడుగున ఆంబొరెల్లా ఒక్కటేనా, కలువలతో కలిసా అన్న చర్చ కొన్నాళ్ళు నడిచింది గానీ జీనోమ్‌లు పెరిగేకొద్దీ ఆంబొరెల్లాకే మొగ్గింది. అందుకే నేను ఎవరడిగినా ఒకటే చెప్తా, ఇంకో పది జీన్లు కలపడం కన్నా కొమ్మ మధ్యలో పడే సరైన మొక్క ఇంకొకటి కలపండి. బూట్‌స్ట్రాప్ చెప్పేది మీ డేటా ఆ జవాబు మీద ఎంత నిలకడగా ఉందో అంతవరకే, డేటాలోనే పక్షపాతం ఉంటే తప్పు జవాబుకీ 100 వస్తుంది.

## ఫలితం చదవడం

క్లోరోప్లాస్ట్ చెట్టు ఒకలా, న్యూక్లియర్ చెట్టు ఇంకోలా వచ్చింది. ఏది తప్పు?

ఏదీ తప్పు కాకపోవచ్చు. క్లోరోప్లాస్ట్ చాలా పూలమొక్కల్లో తల్లి నుంచే వస్తుంది, ముక్కచెక్కలై కలిసిపోకుండా ఒక్క ముక్కగా దిగుతుంది. కాబట్టి ఎనభై జీన్లు వాడినా మీరు చూస్తున్నది ఒకే వారసత్వ గీత, అమ్మమ్మల వరస ఒక్కటే చూసి కుటుంబం మొత్తం చరిత్ర చెప్పినట్టు ఉంటుంది.

పత్తి చూడండి. మనం వేసే అమెరికన్ పత్తి రెండు జాతులు కలిసి పుట్టింది, ఒకటి ఆసియా, ఆఫ్రికా వైపు 'ఏ' (A) జీనోమ్ జాతి, రెండోది అమెరికా వైపు 'డీ' (D) జీనోమ్ జాతి. క్లోరోప్లాస్ట్ 'ఏ' (A) జీనోమ్ వైపుది. క్లోరోప్లాస్ట్ ఒక్కటే చదివితే అది మన దేశీ పత్తికి దగ్గర చుట్టం అని మాత్రమే తెలుస్తుంది, డీ జీనోమ్ తండ్రి ఆచూకీ ఉండదు. ఆస్ట్రేలియాలో గాసిపియం బికియై అనే అడవిపత్తి ఇంకా విచిత్రం, న్యూక్లియస్ ఒక గుంపుది, క్లోరోప్లాస్ట్ ఇంకో గుంపుది, ఎప్పుడో జరిగిన సంకరంలో తల్లి వైపు క్లోరోప్లాస్ట్ మిగిలిపోయి న్యూక్లియస్ మాత్రం తండ్రి వైపుది అయిపోయింది.

పెద్ద కొమ్మల్లోనూ ఇది ఉంది. ఆముదం, ఉసిరి, పులిచింత ఉండే ఆర్డర్లని క్లోరోప్లాస్ట్ చిక్కుడు వైపు పెడుతుంది, న్యూక్లియర్ జీన్లు ఎక్కువగా పత్తి, మామిడి వైపు పెడతాయి. పాతకాలపు సంకరం జరిగి ఉండొచ్చని ఒక వివరణ. 2024లో 353 న్యూక్లియర్ జీన్లతో 9,500కి పైగా జాతుల చెట్టు వచ్చింది, మీ ఫలితాన్ని దాని పక్కన పెట్టి తేడా ఎక్కడుందో థీసిస్‌లో విడిగా రాయండి, దాచేయకండి.

అన్ని మొక్కల్లోనూ తల్లి నుంచేనా?

ఎక్కువ వాటిలో అంతే, అన్నిట్లో కాదు. పెలార్గోనియమ్, లూసర్న్‌లలో ఇద్దరి నుంచీ వస్తుంది, కివీలో తండ్రి నుంచి. పూలమొక్కలు కాని పైన్‌లలో తండ్రి నుంచే.

పూలమొక్కలు ఎప్పుడు పుట్టాయో దీనితో చెప్పొచ్చా?

శిలాజాల ఆధారం పెట్టకుండా డీఎన్‌ఏ తేడా ఒక్కటే ఏళ్ళు చెప్పదు. శిలాజాలు పెట్టినా ఇబ్బంది ఉంది. ఖాయంగా పూలమొక్కలవే అనుకునే పుప్పొడి సుమారు 13.5 కోట్ల ఏళ్ళ నాటిది, 2019 నాటి 2,881 జీనోమ్‌ల లెక్క మాత్రం ట్రయాసిక్ చివరికి, అంటే 20 కోట్ల ఏళ్ళ వెనక్కి తీసుకెళ్ళింది. మధ్యలో జురాసిక్ అంతా ఖాళీ. మీరు డేటింగ్ చేస్తే ఏ శిలాజం ఏ కొమ్మకి పెట్టారో, ఎందుకు పెట్టారో రాయండి, ఒక్క అంకె కాకుండా పూర్తి రేంజ్ ఇవ్వండి.

బంగారు తీగ, పాచి తీగ ఒకటేనా? ఇలాంటి పరాన్న మొక్కల్ని చెట్టులో పెట్టొచ్చా?

రెండూ ఆకుల్లేని తీగలే, వేరే మొక్కల్ని చుట్టుకుని పీల్చేవే, కానీ చుట్టరికం లేదు. డెల్టా వరి మాగాణుల్లో మినుము, పెసర మీద పడే బంగారు తీగ చిలగడదుంప కుటుంబం, కంచెల మీద అల్లుకునే పాచి తీగ దాల్చినచెక్క కుటుంబం. విచిత్రమేంటంటే రెండు వైపులా క్లోరోప్లాస్ట్‌లో ఎన్‌డీహెచ్ జీన్లు పోయాయి, విడివిడిగా పోయాయి. అంటే ఒకే జీన్ పోవడం చుట్టరికానికి సాక్ష్యం కాదు, బతుకు ఒకేలా ఉంటే ఒకేలా పోతాయి.

చెట్టులో పెట్టొచ్చు, జాగ్రత్తగా. మిగిలిన జీన్లు వేగంగా మారి కొమ్మ పొడుగవుతుంది. పొగాకు మల్లె లాంటి పూర్తి పరాన్నజీవుల్లో కిరణజన్య సంయోగక్రియ జీన్లే పనికిరాకుండా పోయాయి, అమెరికాలో దాని చుట్టం ఎపిఫేగస్‌కి 70,028 బేస్‌లే మిగిలాయి. రఫ్లీసియాలో అయితే ఒక జాతిని వెతికితే క్లోరోప్లాస్ట్ జీనోమే కనిపించలేదు. అలాంటివాటికి న్యూక్లియర్, మైటోకాండ్రియా జీన్లు తప్పనిసరి.

పట్టుబడిన దుంగ ఎర్రచందనమో కాదో, ఏ అడవిదో క్లోరోప్లాస్ట్‌తో చెప్పగలమా?

జాతి చెప్పొచ్చు. చెక్క నుంచి డీఎన్‌ఏ తీయడం కష్టమే గానీ టెరోకార్పస్ జాతుల్ని క్లోరోప్లాస్ట్ బార్‌కోడ్‌లతో వేరుచేసిన పనులున్నాయి. మొక్కలకి బార్‌కోడ్‌గా ఆర్‌బీసీఎల్, మ్యాట్‌కే జతని 2009లో ఎంచుకున్నారు, దగ్గరి జాతుల దగ్గర అవి తడబడితే జీనోమ్ మొత్తం వాడతారు. ఏ అడవిదో చెప్పాలంటే మాత్రం ఒక్క జీనోమ్ సరిపోదు, ఒక్కో కొండ నుంచీ బోలెడు చెట్లు చదివిన రిఫరెన్స్ ముందు తయారవ్వాలి, న్యూక్లియర్ మార్కర్లు కూడా కావాలి.

బీపీటీ 5204, ఎంటీయూ 1010 లాంటి వరి రకాల్ని విడదీయగలమా?

రకాల స్థాయిలో దీనిమీద ఆధారపడొద్దు. ఇండికా, జపానికా వైపు చెప్పడానికి పనికొస్తుంది, చాలా ఇండికా రకాల్లో క్లోరోప్లాస్ట్‌లో 69 బేస్‌ల ముక్క ఒకటి ఉండదు, జపానికాల్లో ఉంటుంది. కానీ బ్రీడింగ్‌లో ఒకే తల్లి రకం నుంచి వచ్చినవాటన్నిటికీ క్లోరోప్లాస్ట్ దాదాపు ఒకటే. రకాలకి న్యూక్లియర్ ఎస్‌ఎస్‌ఆర్, ఎస్‌ఎన్‌పీ మార్కర్లే వాడాలి.

అంతా అయ్యింది, పేపర్‌తో పాటు ఏమేం ఇవ్వాలి?

అనొటేట్ చేసిన జీనోమ్ జెన్‌బ్యాంక్‌లో, ముడి రీడ్స్ ఎస్‌ఆర్‌ఏలో లేదా ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయోలాజికల్ డేటా సెంటర్‌లో పెట్టండి. అలైన్‌మెంట్, చెట్టు ఫైళ్ళు కూడా ఇవ్వండి, చాలామంది బొమ్మ ఒక్కటే ఇచ్చి వదిలేస్తారు, దానితో ఎవరూ ఏమీ మళ్ళీ చేసి చూడలేరు. హెర్బేరియం షీట్ నంబరు, సేకరించిన ఊరు రికార్డులోనే రాయండి. అరుదైన మొక్క అయితే ఖచ్చితమైన లొకేషన్ బయటపెట్టకుండా జిల్లా పేరుతో ఆపండి.